ఎడమచేతి మెలి

ఈ నోట్‌బుక్ రాయడం మొదలుపెట్టి ఇరవై రోజులైంది. రోజుకు ఒక పేజీ దాటితే కళ్ళ వెనక బరువెక్కుతుంది, ఆపేస్తాను. మర్నాడు పొద్దున ముందురోజు రాసింది చదువుకుని, అది నేనే రాశానని గుర్తుంటేనే ముందుకు పోతాను. ఇప్పటిదాకా గుర్తులేని రోజు రాలేదు. అయినా అట్ట తెరిచేటప్పుడు ప్రతిసారీ భయమే.

నా పేరు నీలమ్మ. ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో ఉంటాం. మా ఆయన ఈరన్న నేత నేస్తాడు, నేను అతుకు పని చేస్తాను. నేత తెలియనివాళ్ళకు ఇది చెప్పకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాని కొసల్ని తీసేయరు. కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెడతారు. ముడి వేయకూడదు, ముడి వేస్తే దువ్వెన పళ్ళలాంటి అచ్చులోంచి దూరదు. ఒక్కో పడుగుకు వేల పోగులుంటాయి. ఒక్క పోగు దాటేస్తే దాని వెనకవన్నీ పక్కకు జరిగిపోతాయి. అందుకని ఇద్దరు ఆడవాళ్ళు చెరో అంచు నుంచి మొదలుపెట్టి నడుమకు వస్తారు. నడుమ కలిసేసరికి ఎవరి వైపూ పోగు మిగలకూడదు.

నా జత హుసేన్‌బీ. ఎదురిల్లే. వాళ్ళాయన దూది ఏకేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. ఇరవై ఏళ్ళుగా మేమిద్దరం ఒకే పడుగుకు చెరో అంచున కూర్చున్నాం. ఆమెది ఎడమచేతివాటం. నేను మెలిపెడితే పోగు కుడికి తిరుగుతుంది, ఆమె పెడితే ఎడమకు. రెండూ గట్టిగానే నిలుస్తాయి కాబట్టి నేతగాళ్ళు పట్టించుకోరు. మాకు మాత్రం కళ్ళు మూసుకుని తడిమినా ఏది ఎవరి అతుకో తెలిసిపోతుంది.

1979 మార్చిలో నా కడుపులో గడ్డ ఉందని, తీసేయాలని ఆదోని డాక్టరు చెప్పాడు. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. ఆస్పత్రి వరండాలో బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాం. పక్క వీధి జిన్నింగ్ మిల్లు నుంచి దూది పీచు ఎగిరొచ్చి అందరి తలల మీదా వాలుతోంది. తుగ్గలి నుంచి వచ్చిన ఒకామె, మొగుడి కాలుకు ఆపరేషనంట, మూట విప్పి నాకూ ఒక జొన్నరొట్టె ఇవ్వబోయింది. నన్ను ఏమీ తినవద్దన్నారని చెబితే, అయితే ఇంటికి తీసుకుపొమ్మని కాగితంలో చుట్టి మా కోడలు శారద చేతిలో పెట్టింది. ముఖం కూడా సరిగా చూసుకోని మనుషులం. ఆ రొట్టె సంగతి మాత్రం నాకు బాగా గుర్తుంది. ఆపరేషన్ తర్వాతవే సరిగా గుర్తు లేవు.

హుసేన్‌బీ పని మానుకుని బస్సెక్కి వచ్చింది. లోపలికి తీసుకుపోయే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వొచ్చేదాకా నేను ఇంగెవురి పక్కనా కూర్సోను నీలక్కా."

"అట్లైతే పస్తుంటావు పో," అన్నాను.

"నాలుగు దినాలు ఉంటాలే. నువ్వు బిరీన రా."

అప్పుడు నా భయమంతా ఒక్కటే, చచ్చిపోతానేమోనని. బతికి బయటపడి కూడా మనిషి తప్పిపోవచ్చునని నాకెవరూ చెప్పలేదు. మా వీధిలో ఎవరికీ తెలియదు కూడా. ఇది రాస్తున్నది ముందుగా అందుకే.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నావి కావు. ఇప్పుడు చెప్పేవన్నీ మా ఆయనా శారదా చెప్పినవి, ఆస్పత్రి ఆయా కొన్ని చెప్పింది. ఆపరేషన్ బాగానే అయిందంట. రెండో రోజు జ్వరం వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం మా ఆయన్ను చూపించి, "ఈయప్ప ఎవురు? ఆడోళ్ళ వార్డులో ఈయప్పకేం పని?" అని అడిగానట. మా ఆయన ముప్పై నాలుగేళ్ళ కాపురం ఒక్క మాటతో పోయిందని నవ్వబోయి, నవ్వు రాక వరండాలోకి పోయి నిలబడ్డాడట. శారదనైతే ఇంకా ఘోరంగా అన్నాను. ఆపరేషన్‌కు ముందు మెడలోని పుస్తెలతాడు తీసి మా ఆయన జేబులో పెట్టుకున్నాడు. నేను బోసి మెడ తడుముకుని, "ఇదే దొంగ, కోడలే తీసింది" అని వార్డంతా వినపడేలా అరిచాను. ఆ పిల్ల ఆ రోజంతా అన్నం తినలేదట.

లోపల నాకు జరుగుతున్నది వేరే. అది కొంచెం గుర్తుంది. వార్డు పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పడుగు పరిచి ఉంది. ఒక్క పోగూ అతికి లేదు. మనుషులు దాని కింద నడుస్తుంటే తలలు తగిలి పోగులు తెగిపోతున్నాయి. మిల్లు సైరన్ మోగేలోపు అన్నీ అతికేయాలి, లేకపోతే ఏదో జరుగుతుంది. ఏం జరుగుతుందో తెలియదు, కానీ అది నా వాళ్ళకే జరుగుతుంది. అంత భయం నేను పురుడు పోసుకున్నప్పుడు కూడా పడలేదు.

అందుకని దుప్పటి అంచు పీకి పోగులు లాగి మెలిపెడుతూ కూర్చున్నానట. చేతికున్న గ్లూకోజు గొట్టాన్ని కూడా దేనికో అతకబోయి సూది ఊడబీకాను. రెండుసార్లు అలా చేసేసరికి ఆయా నా చేతులు గుడ్డతో మంచానికి కట్టేసింది. ఆమెను నేను తప్పుపట్టను, నలభై మందికి ఆమె ఒక్కతే. కట్టేశాక నేను ఇంకా అరిచాను. అప్పుడు మా ఆయన లోపలికొచ్చి, కట్టిన చేతుల్లోనే కదులుతున్న నా బొటనవేలినీ చూపుడువేలినీ చూశాడు.

"పిచ్చి కాదమ్మా ఇది," అన్నాడట ఆయాతో. "అతుకుతాంది. పని సేస్తాంది."

ఆ పూటే ఎమ్మిగనూరు బస్సెక్కి పోయి, మగ్గం కింద పడిన తెగిన పోగులు గుప్పెడు, పొట్లంలో కాస్త బూడిద తెచ్చాడు. చేతులు విప్పించి నా ఒడిలో పెట్టాడు. నేను వాటిని అతుకుతూ సాయంత్రం దాకా కూర్చున్నానట, సూది జోలికి పోలేదట. మా ఆయన గొప్ప మాటకారి కాడు, పెళ్ళిలో కూడా నాతో నాలుగు మాటలు సరిగా మాట్లాడలేదు. ఆ బూడిద పొట్లం మాత్రం ఆయన నేసిచ్చిన అన్ని చీరలకంటే ఎక్కువ.

డాక్టరు చెప్పింది ఇంతే. మత్తుమందూ జ్వరమూ కలిసి కొందరి తలకు పడవు, మెదడుకు కొంచెం వాపు వచ్చినట్టుంది, తగ్గుతుంది, కానీ ఎన్నాళ్ళకో ఎంతమేరకో చెప్పలేం. గోనెగండ్ల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ గాలి సోకిందనీ మంత్రం వేయించమనీ పట్టుబట్టింది. మా ఆయన తాయెత్తూ కట్టించాడు, మాత్రలూ మింగించాడు. ఏది పనిచేసినా ఆయనకు అభ్యంతరం లేదు.

ఏప్రిల్లో ఇంటికొచ్చాం. మనుషుల్ని గుర్తుపడుతున్నాను, మాట బాగానే ఉంది, అందరూ గండం గడిచిందన్నారు. గడవలేదని నాకొక్కదానికే తెలుసు. పప్పులో రెండోసారి ఉప్పేసేదాన్ని. బిందె తీసుకుని బయటికొచ్చి, ఎందుకొచ్చానో తెలియక వీధిలో నిలబడేదాన్ని. ఒకరోజు మా తమ్ముడు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటే వాడి పేరు గుర్తుకు రాలేదు. "ఒరే, తాగురా" అని గడిపేశాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందనిపించింది. పొద్దున లేవగానే దొంగచాటుగా నాకు నేనే పరీక్ష పెట్టుకునేదాన్ని. ఆదోని బస్సు ఆగే ఊళ్ళ పేర్లు వరుసగా చెప్పుకోవాలి. అన్నీ వస్తే ఆ రోజు బాగుంటుంది. ఒక్కటి తప్పినా ఆ పూట ముద్ద దిగేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజుల్లో అది ముక్కు దిగి నోట్లోకే వచ్చింది. శారద నా వెనకే తిరుగుతూ మెల్లగా, "అత్తా, ఉప్పేసినావు," అనేది. "నాకు తెల్దా" అని కసురుకునేదాన్ని. తర్వాత ఆదోనికి చూపించుకోవడానికి పోయినప్పుడు ఆయా నవ్వుతూ పుస్తెలతాడు సంగతి చెప్పింది. బస్సులో శారదను అడిగాను.

"నిన్ను దొంగన్నానా?"

"అనింది నువ్వు కాదులే అత్తా," అంది కిటికీలోంచి చూస్తూ.

ఓదార్చడానికే అంది. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నేను కాకపోతే మరెవరు? ఆ మనిషి పోయిందా, నా లోపలే కూర్చుని ఉందా?

డాక్టరు రోజుకు ఒక పేజీ ఏదో ఒకటి రాయమన్నాడు. నేను ఐదో తరగతి దాకా చదివాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటసేపు తప్పకుండా పడుకోమని కూడా చెప్పాడు. ఆ గంట గురించి ముందు ముందు చెప్పవలసింది ఉంది.

దసరా ముందు మగ్గాలన్నీ జోరుగా నడుస్తాయి, అతుకువాళ్ళకు తీరిక ఉండదు. హుసేన్‌బీ అన్నమాట ప్రకారం నేను లేకుండా వేరే ఎవరి జతా కూర్చోలేదు. రెండు వైపులూ తానే అతుకుతూ ఆరు నెలలు లాగింది. నేను మళ్ళీ వస్తానంటే ఆమె ముఖం వెలిగింది. మొదటి పడుగు వీధి చివరి ఇంట్లో. నడుమ కలిసేసరికి నా వైపు పదకొండు పోగులు మిగిలాయి. ఇరవై ఏళ్ళలో రెండు పోగులు మిగలడం కూడా నాకు తెలియదు. మగ్గం మనిషి ఆ పదకొండు పోగుల్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నేను నోరు తెరిచేలోపే హుసేన్‌బీ అందుకుంది.

"నాదే తప్పు అన్నా. మాటల్లో పడి దాటేసినా. పొద్దు మునిగేలోపు సరిజేస్తా."

నేను ఆ మాట నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. ఆ తర్వాత పడుగులన్నీ సరిగ్గా కలిశాయి. ఒక్క పోగూ మిగల్లేదు. నా తల నాకు తిరిగి వచ్చేసిందని వీధంతా చెప్పుకున్నాను. పరీక్షలు మానేశాను. రాయడం మానేశాను. శారద ఉప్పు సంగతి గుర్తుచేస్తే, "వెయ్యి పోగులు తప్పకుండా అతికేదానికి ఉప్పొక లెక్కా" అని దబాయించాను. అంత సంతోషంగా నేను పెళ్ళినాడు కూడా లేను.

1980 జనవరి, మా ఊరి జాతర అయిన వారం. మా ఇంట్లోనే పడుగు. మధ్యాహ్నం తిని లోపలి గదిలో పడుకున్నాను. ఎవరిదో మేక గిన్నె తన్నేసి నాకు గంట కాకముందే మెలకువ వచ్చింది. బయటికొస్తే పడుగు దగ్గర ఎవరూ లేరు. హుసేన్‌బీ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయినట్టుంది. ఆమె అన్నం గిన్నె మూత తీయకుండా అలాగే ఉంది. ఊరికే కూర్చుని, నేను పొద్దుటి నుంచి అతికినవాటి మీద వేలు వేశాను.

ఎడమ మెలి. దాని పక్కదీ ఎడమ మెలే. నా అంచు నుంచి నడుమ దాకా తడిమాను. అన్నీ ఎడమకే తిరిగి ఉన్నాయి. నా చేతిది ఒక్కటీ లేదు.

ఇన్ని నెలలూ నేను పొద్దునంతా అతికింది, నేను పడుకున్న గంటలో ఈమె విప్పి మళ్ళీ అతుకుతోంది. అంటే నాకు ఏమీ రాలేదు. నయమైందని నేను ఊరేగినదంతా ఆమె పస్తులుండి చేసిన పని. అప్పటిదాకా పడిన భయమంతా ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా వేలు ఎక్కడుందో చూసి నిలబడిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"దసరా కాన్నుంచి."

"అన్నీనా?"

"యాడ తప్పిందో ఎతకాలంటే ఇప్పాల గదా అక్కా. ఒగటి తప్పితే ఎనకవన్నీ తప్పే."

"నాకేమిటికి సెప్పలేదు?"

"సెప్తే నువ్వు మళ్ళ పడుగు ముందర కూర్సుంటావా?"

"నన్ను పసిబిడ్డను సేసినావు. ఊరంతా నగింటారు."

"ఊరికేం తెలుసు? మెలి తేడా నీకూ నాకే గదా తెలిసేది." వచ్చి పడుగు అవతల కూర్చుంది. "ఇన్నాళ్ళూ నీ ఏళ్ళ కింద్నే ఉండాయి నా మెలికలు. సాయంత్రం లేసొచ్చి నడుమ కాడ తడిమేదానివి, నీకు తెలిసేది కాదు. ఈ దినం తెలిసింది. దానికోసమే సూస్తాంటి."

నా వేళ్ళకు తెలివి తిరిగొస్తోందని ఆమె అంటున్నదని అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆమెతో మాట్లాడలేదు, ఎదురింటి తలుపు వైపు చూడలేదు. నాలుగో రోజు నేనే పోయాను. ఇక విప్పవద్దనీ, తప్పితే నన్ను పిలిచి చూపించమనీ, విప్పడం కూడా నేనే చేస్తాననీ ఒప్పందం చేసుకున్నాం. మగ్గంవాళ్ళకు ముందే చెప్పేశాం, ఇద్దరికీ ఒక పూట ఎక్కువ పడుతుందని. ఒకరిద్దరు వేరేవాళ్ళను పెట్టుకున్నారు. మిగతావాళ్ళు ఆగారు. మా ఆయనా శారదా కూడా ఆ రోజే వాళ్ళకు తెలిసిన నా తప్పులన్నీ బయటపెట్టారు. నేను దాచాననుకున్నవి వాళ్ళకు ఎప్పుడో తెలుసు. అందరం అందరి దగ్గరా దాచుకుంటూ ఒకే ఇంట్లో తొమ్మిది నెలలు బతికాం. ఆ రాత్రి శారద కొంగు పట్టుకుని ఏడ్చాను. దొంగ అన్న మాటకు అప్పుడు క్షమాపణ అడిగాను.

బాగుపడటం చాలా నిదానం. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ రోజుకో పేజీ. ఒక వారం ముందుకు పోతే ఇంకో వారం వెనక్కి వచ్చేదాన్ని. 1981 వానల్లో ఒక పడుగు సాయంత్రానికి పూర్తయితే, హుసేన్‌బీ నా వైపు ఒక్కటీ ముట్టుకోలేదు. తడిమి చూశాను, అంచు నుంచి నడుమ దాకా కుడి మెలే. నడుమ మా ఇద్దరివీ పక్కపక్కన ఉన్నాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. కొన్ని మాత్రం తిరిగి రాలేదు. రెండు పొయ్యిల మీద రెండు వంటలు ఇప్పటికీ చేయలేను. కొత్తవాళ్ళ పేర్లు నిలవవు. ఎవరైనా తొందరపెడితే తల మూసుకుపోతుంది.

ఇప్పుడు 1983. ఇది ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నెల కిందట హుసేన్‌బీ పెరట్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నాటు కట్టు కట్టించారు, కుదరలేదు. వచ్చే సోమవారం ఆదోనిలో ఆపరేషన్.

"అక్కా, నాకూ నీ మాదిరే ఐతాదా?" అని అడిగింది మొన్న.

"అందరికీ కాదంట," అన్నాను. అది డాక్టరు మాటే, అబద్ధం కాదు. నా గొంతు మాత్రం ఆమెకు తెలుసు.

నా సంగతంతా ముందే డాక్టరుకు చెప్పమని ఆమె కొడుకుతో చెప్పాను. చదివేవాళ్ళకూ అదే చెబుతున్నాను. ఆపరేషన్ తర్వాత మీ మనిషి మిమ్మల్ని గుర్తుపట్టకపోతే పిచ్చి అనకండి, వాదించకండి, చేతులు కట్టనివ్వకండి. తెలిసిన ముఖం ఒకటి పక్కనే ఉండాలి. ఇంటికొచ్చాక బాగుందని అందరూ చెబుతున్నా ఆ మనిషిని విడిగా కూర్చోబెట్టి అడగండి. సోమవారం నేను ఆ వరండా బల్ల మీద కూర్చుంటాను. సంచిలో తెగిన పోగులూ బూడిద పొట్లమూ పెట్టుకున్నాను. అవి బయటికి తీసే పని రాకూడదని ఇరవై రోజులుగా మొక్కుతున్నాను.

హుసేన్‌బీకి తెలుగు చదవడం రాదు. ఎవరైనా ఆమెకు ఇది చదివి వినిపిస్తే ఇక్కడితో ఆపేయండి. ఈ కిందిది వద్దు.

ఈ ఇరవై రోజులూ పేజీ రాయడం అయ్యాక, తలుపు వేసుకుని ఎడమచేత్తో మెలిపెట్టడం నేర్చుకుంటున్నాను. మొదట్లో అన్నీ ఊడిపోయేవి. నిన్న అరవై పెడితే నలభై నిలిచాయి. ఆమెకు అవసరం పడితే ఆమె పడుకున్న గంటలో ఆమె వైపు నేను అతుకుతాను. నా ఎడమ మెలి కొంచెం వదులు, ఎంత చేసినా బిగుతు రావడం లేదు. ఆమె వేళ్ళు బాగైన రోజున ఆ వదులు పట్టేసుకుంటుంది. పట్టేసుకుని నన్ను ఆమె తిట్టాలి.